పురాణాలతో గూఢచారి నవల: తరచుగా అడిగే ప్రశ్నలు

రామాయణ, భారతాల నుంచి సరుకు తీసుకుని స్పై థ్రిల్లర్ రాయాలనుకునేవాళ్లు, అలాంటి నవలలు ఇష్టంగా చదివేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. కొన్నిటికి జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది. కొన్నిటికి కథలోకి దిగక తప్పదు.

పురాణాల్లో నిజంగా గూఢచర్యం ఉందా? లేక మనమే అంటగడుతున్నామా?

ఉంది, అదీ చాలా పాతకాలం నుంచి. ఋగ్వేదంలో వరుణుడి చుట్టూ చారులు కూర్చుని ఉంటారు, లోకంలో ఎవరేం చేస్తున్నారో ఆయనకు చేరవేస్తుంటారు. అదే వేదం పదో మండలంలో ఇంద్రుడు పంపిన సరమ అనే ఆడకుక్క, ఆవులను దాచేసిన పణుల జాడ పట్టుకుంటుంది. పణులు ఆమెకు ఎర వేస్తారు: "మాకు చెల్లెలిగా ఉండిపో, ఆవుల్లో నీకూ వాటా ఇస్తాం" అంటారు. ఆమె లొంగదు. శత్రువు పంపిన మనిషిని తమవైపు తిప్పుకునే ప్రయత్నం అంత పాత సూక్తంలో ఉండటం నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది.

ఇక రామాయణ, భారతాల్లో అయితే వేగులు, మారువేషాలు, దొంగ వార్తలు, గుర్తింపు ఆనవాళ్లు లేని పర్వం, కాండ వెతకాలి.

అయితే చాలా నవలలు గుడి నేలమాళిగలో దాచిన దివ్యాస్త్రంతోనే ఎందుకు మొదలవుతాయి?

అది తేలిక కాబట్టి. ఒక వస్తువు, దాని వెనక ఇద్దరు ముగ్గురు విలన్లు, ఒక ప్రొఫెసర్, ఒక పాత శ్లోకం ఉంటే పరుగు మొదలైపోతుంది. అలాంటివి సరదాగా చదువుకోవచ్చు. కానీ వాటిలో పురాణం అలంకారంగా మిగిలిపోతుంది. అస్త్రం తీసేసి వజ్రం పెట్టినా కథ మారదు.

నేను గట్టిగా చెప్పేది ఒకటే. అస్త్రాలను వదిలేసి వార్త వెంట పడండి. ఒక కబురు ఎవరి దగ్గర బయలుదేరింది, ఎలా చేరింది, అవతలివాడు దాన్ని ఎందుకు నమ్మాడు, నమ్మినందుకు ఎవరు నష్టపోయారు అన్నది మన ఇతిహాసాలు చాలా శ్రద్ధగా చెప్పాయి. గూఢచారి నవలకు కావలసిన టెన్షన్ అంతా అక్కడే ఉంది.

హనుమంతుణ్ణి గూఢచారి అనొచ్చా? తప్పు కాదా?

వాల్మీకి సుందరకాండను ఒకసారి ఆ దృష్టితో చదవండి. హనుమంతుడు లంక ఒడ్డుకు చేరగానే ఊళ్లోకి వెళ్లడు. పొద్దుగూకే దాకా ఆగుతాడు. పిల్లి అంత చిన్న రూపం తీసుకుని రాత్రిపూట లోపలికి వెళతాడు. రావణుడి అంతఃపురంలో మండోదరిని చూసి ఒక్క క్షణం సీతే అనుకుంటాడు. మళ్లీ ఆలోచించి, రాముడికి దూరమైన సీత ఇలా నిద్రపోదు కదా అని తన అంచనా తానే దిద్దుకుంటాడు.

అశోకవనంలో ఆయనకు వచ్చిన చిక్కు ఇంకా బాగుంటుంది. సీతతో ఏ భాషలో మాట్లాడాలి? పండితుడిలా సంస్కృతం మాట్లాడితే రావణుడే వేషం మార్చుకుని వచ్చాడని ఆమె భయపడి కేక పెడుతుంది, కాపలా రాక్షస స్త్రీలు లేస్తారు, పని చెడుతుంది. అందుకే మామూలు మనుషులు మాట్లాడే మాటల్లో, చెట్టు మీద నుంచే రామకథ మొదలుపెడతాడు.

అంత చేసినా సీత వెంటనే నమ్మదు. నువ్వు రావణుడివే కావచ్చు అంటుంది. రాముడి పోలికలు, లక్ష్మణుడి పోలికలు చెప్పమంటుంది. ఆయన అవన్నీ చెప్పాకే ఉంగరం ఇస్తాడు. ఈ వరుస గమనించండి: ఉంగరాన్ని ఎవరైనా దొంగిలించి తేవచ్చు. దగ్గర ఉన్నవాడికే తెలిసే వివరాలను దొంగిలించడం కష్టం. తిరిగి పంపేటప్పుడు సీత కూడా అదే పని చేస్తుంది. చూడామణితో పాటు, తనకూ రాముడికీ మాత్రమే తెలిసిన కాకాసురుడి కథ చెప్పి పంపుతుంది. వస్తువొకటి, రహస్య జ్ఞాపకం ఒకటి, రెండూ కలిస్తేనే కబురు నిజమైనదని లెక్క.

తర్వాత ఆయన వనాన్ని ధ్వంసం చేసి కావాలనే శత్రువు బలం ఎంతో తేల్చుకుంటాడు. పట్టుబడితే రావణుడిని నేరుగా చూడొచ్చని పట్టుబడటానికీ ఒప్పుకుంటాడు. లంక తగలబెట్టాక మాత్రం గుండె గుభేలుమంటుంది: కోపంలో సీత ఉన్న చోటునూ కాల్చేశానా అని తనను తాను తిట్టుకుంటాడు. అప్పగించిన పనిని దాటి వెళ్లిన ఏజెంట్ మనసు అచ్చంగా అదే.

చాలామంది వదిలేసే భాగం యుద్ధకాండ మొదట్లో వస్తుంది. రాముడు అడగ్గా హనుమంతుడు లంక కోట గురించి పూర్తి నివేదిక ఇస్తాడు. నాలుగు ద్వారాలు, అగడ్తలు, వాటి మీద వంతెనలు, రాళ్లు విసిరే యంత్రాలు, శతఘ్నులు, ఏ ద్వారం దగ్గర ఎంత సైన్యం, తాను ఏమేం పాడుచేసి వచ్చాడు, అన్నీ ఉంటాయి. భక్తికి ఇందులో లోటేమీ రాదు. చేసిన పని ఎంత కష్టమైందో తెలిశాక ఆయన మీద గౌరవం ఇంకా పెరుగుతుంది.

రావణుడి వైపు వేగులు లేరా?

ఉన్నారు. శుక సారణులు వానర రూపాల్లో సైన్యంలోకి దూరి లెక్కలు తీస్తుంటే విభీషణుడు గుర్తుపట్టి పట్టిస్తాడు. రాముడు వాళ్లను చంపించడు. చూడాల్సింది ఏమైనా మిగిలి ఉంటే విభీషణుడే చూపిస్తాడు, చూసి వెళ్లి మీ రాజుకు చెప్పండి అంటాడు. శత్రువు వేగునే తన బలం చాటే నోరుగా వాడుకోవడం ఇది. వాళ్లు వెళ్లి నిజం చెబితే రావణుడు వాళ్ల మీదే విరుచుకుపడతాడు. తర్వాత శార్దూలుడు అనేవాడు వెళ్లి దెబ్బలు తిని వస్తాడు.

నిజం చెప్పిన వేగును తిట్టే యజమాని చుట్టూ ఒక నవల మొత్తం నడపొచ్చు. శుకుడిని కథానాయకుడిగా పెట్టి రాస్తే ముందు నేనే చదువుతాను.

స్త్రీ పాత్రలకు ఇందులో చోటు ఉందా? లేక విషకన్య ఒక్కతేనా?

విషకన్యను దయచేసి కొంతకాలం పక్కన పెట్టండి. అరిగిపోయింది.

లంకలో సరమ అనే రాక్షస స్త్రీ ఉంది. ఇందాకటి వేదంలోని సరమ వేరు, ఈమె వేరు. విద్యుజ్జిహ్వుడనే మాయావితో రావణుడు రాముడి తలలాంటి తల చేయించి సీతకు చూపిస్తాడు. సీత కుప్పకూలిపోతుంది. అది మాయ అని సరమ ఆమెకు చెబుతుంది. అక్కడితో ఆగకుండా, రావణుడి సభలో ఏం నిర్ణయిస్తున్నారో చాటుగా విని వచ్చి మళ్లీ సీతకు చేరవేస్తుంది. ఈ కాలంలో నకిలీ వీడియోల గోల చూస్తున్న పాఠకుడికి ఆ మాయా శిరస్సు గురించి వేరే వివరణ అక్కర్లేదు. ఆమె ఎందుకంత సాహసం చేసింది, పట్టుబడితే ఏమయ్యేది, ఇంట్లోవాళ్లకు తెలుసా? వాల్మీకి కొన్ని సర్గల్లో ముగించిన ఆ పాత్రలో నవలాకారుడికి బోలెడంత ఖాళీ ఉంది.

శత్రువుల నుంచి పారిపోయి వచ్చినవాడిని నమ్మాలా వద్దా అన్న సన్నివేశం ఎలా రాయాలి?

విభీషణుడు ఆకాశంలో నిలబడి శరణు అడిగినప్పుడు కింద జరిగిన చర్చ చదవండి. సుగ్రీవుడు వీడు వేగు, చంపేద్దాం అంటాడు. అంగదుడు పరీక్షించి చూద్దాం అంటాడు. శరభుడు ఒక చారుడిని పంపి ఆరా తీద్దాం అంటాడు. జాంబవంతుడు రాకూడని వేళ, రాకూడని చోటుకు వచ్చాడు కాబట్టి అనుమానించాలి అంటాడు. మైందుడు మెల్లగా ప్రశ్నలు వేసి చూడాలి అంటాడు. హనుమంతుడు ఒక్కొక్కరి మాటలో ఇబ్బంది ఎత్తిచూపుతాడు: ఎదురుగా వచ్చి నిలబడ్డవాడి మీదికి చారుడిని పంపడం ఎలా కుదురుతుంది? కొత్తగా వచ్చినవాడిని గుచ్చి గుచ్చి అడిగితే మంచివాడైనా బెదిరిపోతాడు. ఎంత దాచుకున్నా లోపలి భావం ముఖంలో బయటపడుతుంది, ఇతని ముఖంలో చెడు ఉద్దేశమేదీ కనబడటం లేదు. చివరికి రాముడు తన ధర్మం తాను చెప్పి నిర్ణయం తీసుకుంటాడు.

ఒకే చోట అరడజను మంది, అరడజను వాదనలు, ఎవరి వాదనా తెలివితక్కువది కాదు. ఇంత బిగువైన సన్నివేశం వెతికినా దొరకదు. నేటి కథలో రాసేటప్పుడు చాలామంది చేసే పొరపాటు, ఒప్పుకోని పాత్రను మూర్ఖుడిగా చూపించడం. సుగ్రీవుడి భయంలో న్యాయం ఉంది, దాన్ని ఉండనివ్వండి.

భారతంలో గూఢచారి నవలకు సరిపడే ఘట్టం ఏది?

లక్క ఇల్లు. మొదటి నుంచి చివరి దాకా అది ఒక రహస్య ఆపరేషనే.

పాండవులు వారణావతానికి బయలుదేరుతున్నప్పుడు, అందరూ వింటుండగానే విదురుడు ధర్మరాజుకు ఒక్కడికే అర్థమయ్యే మర్మపు భాషలో హెచ్చరిక చేస్తాడు. అడవిని కాల్చే నిప్పు కలుగులో ఉన్న ప్రాణిని కాల్చలేదు అన్న అర్థం వచ్చే మాటలవి. ధర్మరాజు "అర్థమైంది" అంటాడు, అంతే. కుంతికి కూడా అక్కడ అర్థం కాదు. తర్వాత విదురుడు పంపిన సొరంగాలు తవ్వే మనిషి వస్తాడు. అతణ్ణి ఎలా నమ్మడం? "విదురుడు నీతో ఆ భాషలో మాట్లాడాడు, నువ్వు సరేనన్నావు" అని అతను చెబుతాడు. ఆ ఒక్క సంగతి అతనికి పాస్‌వర్డ్ అయింది.

అతను ఇంటి మధ్యలోనే సొరంగం తవ్వి, నేలతో సమంగా చెక్కలు కప్పేస్తాడు. కాపలాకు ఉన్న పురోచనుడు అక్కడే తిరుగుతుంటాడు. పాండవులు పగలు వేట పేరుతో దారులన్నీ చూసి పెట్టుకుంటారు, పైకి మాత్రం ఏమీ తెలియనట్టు ఉంటారు. దాదాపు ఏడాది ఇలా గడుస్తుంది. తమను చంపడానికి వచ్చినవాడితో ఏడాదిపాటు నవ్వుతూ మాట్లాడటం ఎంత నరకమో ఊహించండి.

ఆ రాత్రి కుంతి ఇచ్చిన విందుకు వచ్చిన ఒక నిషాద స్త్రీ, ఆమె ఐదుగురు కొడుకులు తాగి అక్కడే నిద్రపోతారు. ఇల్లు కాలిపోతుంది. ఆ ఆరు శవాలను చూసే పాండవులు చనిపోయారని లోకం నమ్మింది. వ్యాసుడు ఆ తల్లికి పేరు పెట్టలేదు. నా మట్టుకు నాకు, ఈ ఘట్టాన్ని నవలగా రాసే రచయిత ఆ ఆరుగురిని ఎలా రాశాడన్న దాన్నిబట్టే ఆ నవల విలువ కడతాను.

అజ్ఞాతవాసం మాటేమిటి?

మారువేషం గురించి నేర్చుకోవాలంటే విరాటపర్వమే బడి. ఎవరికి ఏది వచ్చో ఆ పనికే కుదురుకున్నారు: జూదం తెలిసిన ధర్మరాజు కంకుడయ్యాడు, వంట తెలిసిన భీముడు వలలుడయ్యాడు, నాట్యం తెలిసిన అర్జునుడు బృహన్నల అయ్యాడు. బయటి పేర్లు కాక తమలో తాము పిలుచుకోవడానికి జయుడు, జయంతుడు, విజయుడు, జయత్సేనుడు, జయద్బలుడు అని రహస్యనామాలు వేరే పెట్టుకున్నారు. ఆయుధాలు శ్మశానం దగ్గరి జమ్మిచెట్టు మీద దాచి, పక్కన ఒక శవాన్ని కట్టారు. అడిగినవాళ్లకు అది నూట ఎనభై ఏళ్ల మా తల్లి శవం, ఇలా కట్టడం మా కులాచారం అని చెప్పారు. చెట్టు దగ్గరికి ఎవరూ రాకుండా చేయడానికి తాళం అక్కర్లేకపోయింది.

వేషం ఎక్కడ బీటలు వారిందో కూడా చూడండి. కీచకుడు ద్రౌపదిని సభలో తన్నినప్పుడు ధర్మరాజు కంకుడిగానే కూర్చోవాలి. భీముడు ఊరుకోలేడు. రాత్రికి రాత్రి కీచకుడు చస్తాడు, గంధర్వులు చంపారని పుకారు పుడుతుంది. ఆ పుకారే దుర్యోధనుడి చెవిన పడుతుంది.

తెలుగువాళ్లకు ఇక్కడ అదనపు అదృష్టం ఉంది. భారతాన్ని తెనిగించడం తిక్కన విరాటపర్వంతోనే మొదలుపెట్టాడు. ఆయన 13వ శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధి దగ్గర మంత్రిగా ఉన్నవాడు, రాజసభల లోపలి గాలి తెలిసినవాడు. రాజుల కొలువులో ఎలా మెలగాలో ధౌమ్యుడు పాండవులకు చెప్పే పద్యాలు చదవండి. ఎక్కడ కూర్చోవాలి, ఏది చూసీ చూడనట్టు ఉండాలి, అంతఃపురం వాళ్లతో ఎందుకు కలవకూడదు అన్న జాగ్రత్తలన్నీ మారువేషంలో ఉన్నవాడికి ప్రాణం కాపాడేవే.

ప్రేమకథ కలపొచ్చా?

కచుడు, దేవయాని ఉండగా దిగులెందుకు? మృతసంజీవని విద్య కోసం దేవతలు కచుణ్ణి శుక్రాచార్యుడి దగ్గరికి పంపుతారు. అతను తన పేరు గానీ తండ్రి పేరు గానీ దాచడు, తాను బృహస్పతి కొడుకునని చెప్పే శిష్యుడిగా చేరతాడు. రాక్షసులు పదే పదే చంపుతారు, చివరకు కాల్చిన బూడిదను మద్యంలో కలిపి గురువుకే తాగిస్తారు. దేవయాని ఏడుపు చూడలేక శుక్రుడు, తన కడుపులో ఉన్న శిష్యుడికే ఆ విద్య చెప్పాల్సి వస్తుంది. పని పూర్తయ్యాక కచుడు వెళ్లిపోతానంటాడు. ఆమె శపిస్తుంది: ఆ విద్య నీకు ఫలించదు. నేను నేర్పినవాడికి ఫలిస్తుందిలే అని అతను వెళ్లిపోతాడు.

దేవయానిని అతను వాడుకున్నాడా, ప్రేమించాడా? తీర్పు ఇవ్వకుండా రాయగలిగితే కథ నిలుస్తుంది.

అర్థశాస్త్రం ఎంతవరకు ఉపయోగం?

చాలా. అది పురాణం కాదు గానీ, పురాణ కథకు నడక నేర్పే పుస్తకం. మైసూరులో శామశాస్త్రి 1909లో అచ్చు వేయించాకే ఈ గ్రంథం మళ్లీ లోకానికి అందింది. కౌటిల్యుడు ఒకేచోట ఉండి పనిచేసే వేగులను ఐదు రకాలుగా చెప్పాడు: కపట విద్యార్థి, సన్యాసం వదిలినవాడు, చితికిన రైతు, చితికిన వ్యాపారి, దొంగ తపస్వి. తిరుగుతూ పనిచేసేవాళ్లు వేరు, వాళ్లలో విషం పెట్టేవాడు, భిక్షుకి కూడా ఉన్నారు. ఒక స్థావరం గురించి మరో స్థావరానికి తెలియకూడదు. సంకేత లిపిలో కబురు పంపాలి. ముగ్గురు విడివిడిగా ఒకే మాట చెబితేనే నమ్మాలి. రెండువైపులా జీతం తీసుకునేవాడి భార్యాబిడ్డలను తమ అదుపులో ఉంచుకోవాలి.

ఆయనే ఇంకో మాటా అన్నాడు. ఇంద్రుడి మంత్రిపరిషత్తులో వెయ్యిమంది ఋషులు ఉన్నారు, వాళ్లే ఆయన కళ్లు, అందుకే రెండు కళ్లవాడిని వెయ్యి కళ్లవాడు అంటారట. పురాణాన్ని రాజనీతిగా ఎలా చదవాలో ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

బ్రహ్మాస్త్రం అంటే అణుబాంబు అని రాయొచ్చా?

కల్పనలో ఏదైనా రాయొచ్చు. చరిత్ర అని నమ్మించే ప్రయత్నం మాత్రం వద్దు. అన్నట్టు బ్రహ్మోస్ క్షిపణి పేరు బ్రహ్మాస్త్రం నుంచి వచ్చిందని రాస్తుంటారు, బ్రహ్మపుత్ర, మాస్కోవా నదుల పేర్లు కలిపి పెట్టిన పేరది. పేర్లతో ఆడుకోవాలంటే అగ్ని, పృథ్వి, ఆకాశ్ ఉన్నాయి. ఆ క్షిపణుల మీద పనిచేసిన ప్రయోగశాలలు మన హైదరాబాదులోనే ఉన్నాయి.

కథను మన తెలుగు నేల మీద నడపొచ్చా?

విశాఖపట్నం కంటే మంచి చోటు ఏముంది? తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఒకవైపు, సింహాచలం మరోవైపు. వరాహ నరసింహస్వామి ఏడాదంతా చందనం పూతలో ఉండి, అక్షయ తృతీయ నాడు మాత్రమే నిజరూపంతో దర్శనమిస్తాడు. లక్షలాది జనం, ఒక్క రోజు గడువు. థ్రిల్లర్‌కు అంతకంటే ఏం కావాలి?

పైగా 1971 యుద్ధంలో అక్కడ నిజంగానే ఒక గొప్ప ఎత్తు వేశారు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం వేటాడుతుంటే, విక్రాంత్‌ను అండమాన్ల వైపు పంపేసి, అది విశాఖ దగ్గరే ఉన్నట్టు శత్రువు వినేలా రేడియో సందేశాలు పంపారు. ఆ మాయలో రాజ్‌పుత్ అనే పాత యుద్ధనౌక విక్రాంత్ పాత్ర పోషించింది. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక ఘాజీ విశాఖ తీరంలో మునిగిపోయింది. రాజ్‌పుత్ వేసిన పేలుడు పదార్థాల వల్లేనని మన నౌకాదళం అంటుంది, లోపలి ప్రమాదం వల్లనో తన మందుపాతరల వల్లనో అని పాకిస్తాన్ అంటుంది.

దీని పక్కన "అశ్వత్థామ హతః" ఘట్టం పెట్టి చూడండి. ద్రోణుడు భీముడి మాట నమ్మడు, అబద్ధమాడని ధర్మరాజును అడుగుతాడు. శత్రువును మోసగించాలంటే అతను నమ్మే చోటు నుంచే వార్త రావాలి. ఘాజీకి అది రేడియో, ద్రోణుడికి ధర్మరాజు.

రా, ఐబీ లాంటి గూఢచార సంస్థలను పేర్లతో రాయొచ్చా?

రాయొచ్చు. 1968 సెప్టెంబరులో ఏర్పడిన రా విదేశీ వ్యవహారాలు చూస్తుంది, ఐబీ దేశం లోపలివి చూస్తుంది. ఈ తేడా తెలియక ఐబీ అధికారిని దుబాయ్‌లో తుపాకీతో పరుగెత్తించే రచయితలు ఉన్నారు. ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్లు మీకు తెలిస్తే పని గురించి వాళ్లను గుచ్చకండి, 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇంకా అమల్లోనే ఉంది.

మనోభావాలు దెబ్బతిన్నాయని గొడవ అవుతుందేమో?

భయం సహజం. మత భావాలను ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో అవమానించడం భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ కింద నేరం. పాత శిక్షాస్మృతిలో అది 295ఏ. చట్టం అడిగేది ఉద్దేశం గురించి. పాఠకుడు అడిగేది శ్రద్ధ గురించి. దేవుడిని పాత్రగా చేసి మాటలు పెట్టే బదులు, ఆయన పక్కన ఉన్న పేరులేని మనిషిని పట్టుకోండి. సొరంగం తవ్వినవాడిని, శుకుడిని, సరమను రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, కథ కూడా అక్కడే కొత్తగా ఉంటుంది.

కాపీరైట్ సమస్య?

వ్యాస, వాల్మీకులకు, కవిత్రయానికి లేదు. ఈనాటి అనువాదకుడి వాక్యాలకు ఉంటుంది: రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. కథ తీసుకోండి, వాక్యం మీది రాయండి.

ఏ పాఠం చదవాలి?

తెలుగులో కవిత్రయ భారతానికి తిరుమల తిరుపతి దేవస్థానం వ్యాఖ్యానంతో వేసిన సంపుటాలు ఉన్నాయి. సంస్కృతం కావాలంటే పుణె భండార్కర్ సంస్థ 1966లో పూర్తిచేసిన సంశోధిత ప్రతి చూడండి. రెండింటికీ తేడాలుంటాయి. మీ కథ ఏ పాఠం మీద నిలబడిందో ముందే తేల్చుకోండి, లేకపోతే మధ్యలో మీకే ముడిపడుతుంది. సీరియల్ చూసి రాయకండి.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఒక్క సన్నివేశం చెప్పండి.

దుర్యోధనుడి వేగులు తిరిగి వచ్చిన రోజుతో మొదలుపెట్టండి. అడవులు, కొండలు, ఊళ్లు గాలించినా పాండవులు దొరకలేదు. వాళ్ల సారథులు మాత్రం పాండవులు లేకుండానే ద్వారక చేరారని తెలిసింది. వట్టి చేతులతో రాజు ముందు నిలబడాలి. పోతూ పోతూ ఒక మంచి కబురని చెబుతారు: విరాటుడి బావమరిది కీచకుణ్ణి రాత్రివేళ ఎవరో కనబడని గంధర్వులు చంపేశారట. తాము వెతుకుతున్న జవాబు అదేనని చెప్పినవాళ్లకే తెలియదు. సభలో ఒక్కొక్కరూ దాన్ని ఒక్కోలా వింటారు. కర్ణుడు ఇంకా తెలివైన చారులను పంపమంటాడు. సుశర్మకు అందులో మత్స్యదేశం మీద దాడికి అవకాశం కనిపిస్తుంది. మనం వినే కథలోనైతే కీచకుణ్ణి అలా చంపగలిగింది భీముడే అన్న ఊహ దుర్యోధనుడికి తడుతుంది. అజ్ఞాతవాసం గడువు ముగియడానికి ఇంక కొద్ది రోజులే ఉంది. మొదటి అధ్యాయాన్ని ఆ వేగుల్లో ఒకడి చేత చెప్పించండి.